గుండె పెద్దదైందన్నారా? నలభై దాటిన ఆటగాళ్లు అది కసరత్తు వల్లో, జబ్బు వల్లో తేల్చుకునే పద్ధతి

భీమవరం నుంచి, అమలాపురం నుంచి, కాకినాడ నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది: "హెల్త్ క్యాంపులో ఎక్స్‌రే తీసి గుండె పెద్దదైందన్నారు. నేను ఇరవై ఏళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను, ఆయాసం లేదు, ఏమీ లేదు. మానేయాలా?" కొందరిది ఇంకో రకం: "ఎకోలో (గుండె స్కానింగులో) గుండె గోడ మందంగా ఉందట. ఆటలాడేవాళ్లకి అలాగే ఉంటుందిలే అన్నారు. వదిలేయొచ్చా?"

రెండింటికీ జవాబు ఒకటే. ఆ ఒక్క మాట మీద ఆటా మానొద్దు, వదిలెయ్యనూ వద్దు. గట్టిగా కసరత్తు చేసేవాళ్ల గుండె పెద్దదవడం నిజమే. కానీ యాభై అరవై ఏళ్ల మనిషిలో బీపీ, వాల్వు లీకు, రక్తనాళాల్లో బ్లాకులు, కండర జబ్బులు కూడా గుండెను పెద్దది చేస్తాయి. అందుకే "ఆటగాడి గుండె" అనేది మొదట అనుకునే మాట కాదు. మిగతావన్నీ లేవని తేలాక చివర్లో మిగిలే మాట. కింద చెప్పిన వరుసంతా అక్కడికి చేరడానికే. దీన్ని చదివి మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. డాక్టరు దగ్గరకు ఏం పట్టుకెళ్లాలో, ఏం అడగాలో, రిపోర్టులో ఏం చూడాలో తెలుసుకోండి.

ముందు ఇది చూడండి

ఆడుతుండగా స్పృహ తప్పినా, ఛాతీ పట్టేసినట్టయినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, ఉన్నట్టుండి దడ మొదలై కళ్లు తిరిగినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోయినా ఈ వరుస మీకు కాదు. అదే రోజు కార్డియాలజిస్టు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. నొప్పి తగ్గకుండా ఉంటే 108కి ఫోన్ చేయండి, బండి మీరు నడుపుకుంటూ వెళ్లొద్దు. ఆట ముగించి ఆగిన తర్వాత కళ్లు తిరగడం వేరు, పరుగు మధ్యలో, ర్యాలీ మధ్యలో పడిపోవడం వేరు. రెండోది చాలా ప్రమాద సూచన.

కావలసినవి

- పై చేతికి చుట్టే డిజిటల్ బీపీ మిషను. మణికట్టుకు పెట్టేది వద్దు.
- ఓ నోటుపుస్తకం.
- పాత ఈసీజీలు, ఎకో రిపోర్టులు, వీలైతే ఎకో వీడియో ఉన్న సీడీ లేదా పెన్‌డ్రైవ్.
- సరిగ్గా కొలిచిన ఎత్తు, బరువు. అంచనాగా చెప్పేవి కాదు.
- వాడుతున్న మందుల పేర్లన్నీ. జిమ్ పొడులు, ఇంజెక్షన్లు, నాటు మందులు కూడా దాచకుండా.
- రక్త పరీక్షలు: షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), కొలెస్ట్రాల్, థైరాయిడ్, హిమోగ్లోబిన్. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా గుండె గది వెడల్పవుతుంది.

1. ఎక్స్‌రే దగ్గర ఆగిపోకండి

ఛాతీ ఎక్స్‌రేలో గుండె నీడ వెడల్పు, ఛాతీ లోపలి వెడల్పులో సగం దాటితే "కార్డియోమెగలీ" అని రాస్తారు. అది నీడ మాత్రమే. ఊపిరి పూర్తిగా పీల్చి పట్టుకోకపోయినా, పడుకోబెట్టి ముందు నుంచి తీసినా, పొట్ట పెద్దగా ఉన్నా, గుండె చుట్టూ కొవ్వు ఉన్నా నీడ పెద్దదిగా కనిపిస్తుంది. నాడి నిమిషానికి 45 మాత్రమే కొట్టుకునే ఆటగాడికి గుండె నిండుగా ఉన్న క్షణంలో ఫొటో పడే అవకాశం ఎక్కువ.

గోడ మందమైందా, గది వెడల్పయిందా అన్నది ఎక్స్‌రే చెప్పలేదు. మనకు కావలసిందే అది. ఎక్స్‌రేలో అనుమానం వస్తే ఎకో చేయించండి. ఎక్స్‌రే బాగుంది కదా అని నిశ్చింతగానూ ఉండొద్దు. గోడ 15 మిల్లీమీటర్లున్నా ఎక్స్‌రే మామూలుగా కనిపించవచ్చు.

2. కసరత్తు లెక్క రాయండి

ఇది చాలామంది దాటేస్తారు. డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడేది ఇదే. నాలుగు సంగతులు రాయండి: ఏ ఆట, వారానికి ఎన్ని గంటలు, ఎంత గట్టిగా, ఎన్నేళ్లుగా.

గట్టితనానికి మాట పరీక్ష చాలు. కసరత్తు చేస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే తేలిక. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టిది. తేలిక గంటలు, గట్టి గంటలు విడివిడిగా రాయండి.

ఎందుకంటే పొద్దున్నే కాలువ గట్టు మీద గంట నడక గుండె గోడను మందం చేయదు, గదిని వెడల్పు చేయదు. నడక చాలా మంచిది, కానీ "రోజూ నడుస్తాను కాబట్టి గుండె పెద్దదైంది" అనే లెక్క కుదరదు. యోగా, ప్రాణాయామం కూడా అంతే. గుండె ఆకారం మారాలంటే వారానికి కనీసం ఐదారు గంటల గట్టి శ్రమ ఏళ్ల తరబడి ఉండాలి.

ఆట రకం బట్టి కూడా మార్పు వేరు. సైకిల్, తెడ్డు వేసే పడవ పోటీలు, దూరపు పరుగు, దూరపు ఈత: వీటిలో గది బాగా వెడల్పవుతుంది, గోడ కొంచెం మందమవుతుంది. బరువులెత్తేవాళ్లకు గోడ కొంచెం మందం కావచ్చు, అయినా 12 మి.మీ. దాటడం అరుదు. షటిల్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ ఊరు కావడంతో అమలాపురం చుట్టుపక్కల షటిల్ మీద మోజు ఎక్కువ. సాయంత్రం గంట డబుల్స్ ఆడితే మార్పు చాలా స్వల్పం. వాలీబాల్, క్రికెట్ కూడా అంతే. గంటసేపు డబుల్స్ ఆడే మనిషికి గోడ 14 ఉంటే ఆటను కారణంగా చెప్పడానికి లేదు.

పని కూడా లెక్కే. రోజుకు పాతిక ముప్ఫై కొబ్బరి చెట్లు ఎక్కి దిగే మనిషి, వేటకెళ్లి తెడ్డు వేసే మనిషి పోటీలు ఆడకపోయినా గట్టి శ్రమ చేస్తున్నట్టే. అది కూడా రాయండి. ఆట మానేసి ఎన్నాళ్లయిందో రాయండి. పదేళ్ల కింద మానేసినవాళ్లకు ఇప్పుడు గోడ మందంగా ఉంటే నాటి ఆట దానికి కారణం కాదు.

3. ఇంట్లో వారం రోజుల బీపీ

పెద్ద వయసు ఆటగాళ్లలో గోడ మందానికి అన్నిటికన్నా మామూలు కారణం బీపీ. "ఆడేవాడిని, నాకు బీపీ ఏంటి" అనుకునేవాళ్లలోనే ఇది ఏళ్ల తరబడి దాక్కుంటుంది. కొలిచే పద్ధతి:

- పొద్దున్న మూత్రానికి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, మాత్రకు ముందు, సైకిల్ ఎక్కకముందు. గట్టి కసరత్తు తర్వాత కొన్ని గంటలపాటు బీపీ సహజంగానే తగ్గి ఉంటుంది. ఆడొచ్చాక చూసుకుని "120 ఉంది, బాగుంది" అనుకునే పొరపాటు అందుకే జరుగుతుంది.
- వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి.
- ఒక నిమిషం తేడాతో రెండుసార్లు. సాయంత్రం మళ్లీ రెండుసార్లు. ఏడు రోజులు.
- మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి.

ఇంట్లో సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే బీపీ ఉన్నట్టే లెక్క. కండలు తిరిగిన చేతికి మామూలు పట్టీ చిన్నదై బీపీ ఎక్కువ చూపిస్తుంది. చేతి చుట్టుకొలత టేపుతో కొలిచి, పట్టీ మీద రాసిన కొలతతో సరిచూడండి. ఆవకాయ, ఉప్పు చేప, ఎండు రొయ్యలు ఇంట్లో రోజూ ఉంటే అదీ నోటుపుస్తకంలో రాయండి. చెమటకు ఉప్పు పోతోందని మజ్జిగలో అదనంగా ఉప్పు వేసుకునే అలవాటు చాలామందికి ఉంటుంది, దాన్ని కూడా.

4. ఇంటి చరిత్ర, ఒంటి చరిత్ర

తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో యాభై ఏళ్లలోపు హఠాత్తుగా పోయినవాళ్లున్నారా? "నిద్రలోనే పోయాడు", "ఈతకెళ్లి మునిగిపోయాడు, ఈత వచ్చినవాడే" అనే కథలు కూడా చెప్పండి. వాటి వెనక గుండె కండర జబ్బు ఉండి ఉండొచ్చు.

చిన్నప్పుడు కీళ్ల వాపులతో జ్వరం వచ్చిందా, నెలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయించుకున్నారా? వాల్వు లీకు అలా మిగిలిపోతుంది. అయోర్టిక్ వాల్వు లీకైతే ఎడమ గది అచ్చం సైక్లిస్టు గదిలాగే వెడల్పవుతుంది.

అరవై దాటినవాళ్లు ఇంకో మూడు చెప్పండి: రెండు చేతుల వేళ్లూ తిమ్మిరెక్కి మణికట్టుకు ఆపరేషన్ అయ్యిందా, పాదాల్లో మంట తిమ్మిరి ఉందా, ఏళ్లుగా వాడుతున్న బీపీ మాత్ర ఇప్పుడు ఎక్కువైపోయి కళ్లు తిరుగుతున్నాయా? ఈ మూడూ అమైలాయిడ్ అనే జబ్బు వైపు వేలు చూపిస్తాయి. అందులో కండరం పెరగదు, వేరే ప్రొటీన్ గోడలో పేరుకుని మందంగా కనిపిస్తుంది.

మద్యం, చుట్ట, గురక, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు: నాలుగూ గుండెను మార్చేవే. డాక్టరు దగ్గర సిగ్గుపడొద్దు.

5. ఈసీజీ

ఒంటికి కొబ్బరి నూనె, పౌడరు రాసుకోకుండా వెళ్లండి. ఎలక్ట్రోడ్లు జారిపోయి గీతలు వణుకుతాయి.

మిషను పైన అచ్చయ్యే "ఎల్‌వీహెచ్" (ఎడమ గది గోడ మందమైందని అర్థం) అన్న మాట చూసి కంగారు పడొద్దు. సన్నగా, బలంగా ఉన్న ఛాతీలో గీతలు పొడుగ్గా రావడం మామూలే. నాడి 40-50 ఉండటం, పీఆర్ దూరం (పై గది నుంచి కింది గదికి విద్యుత్తు చేరే సమయం) కాస్త పెరగడం కూడా ఆటగాళ్లలో సహజం.

కసరత్తు ఖాతాలో వేయకూడనివి: వీ5, వీ6 (ఛాతీ ఎడమ వైపు పెట్టే ఎలక్ట్రోడ్లు) లలో టీ అలలు తలకిందులవడం, ఎస్‌టీ గీత కిందికి దిగడం, లోతైన క్యూ అలలు, ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (ఎడమ గదికి విద్యుత్తు వెళ్లే దారిలో అడ్డు), నాడి క్రమం తప్పడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తర్వాతి పరీక్షలు తప్పవు. ఇంకో గుర్తు: ఎకోలో గోడ మందం, ఈసీజీలో మాత్రం గీతలు పొట్టి. ఈ రెండూ కలిసి వస్తే అమైలాయిడ్ కోసం వెతకాలి.

ఆటగాళ్ల ఈసీజీ కోసం 2017లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాలు 12 నుంచి 35 ఏళ్లవాళ్ల కోసం రాసినవి. యాభై ఐదేళ్ల మీకు వాటిని యథాతథంగా పెట్టి "ఆటగాడికి ఇది నార్మల్" అంటే ఒప్పుకోకండి. ఆ వయసులో బ్లాకుల సంగతి విడిగా చూడాలి.

6. ఎకో: ఎప్పుడు, ఎలా

సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది కాబట్టి కాస్త వివరంగా.

గట్టి కసరత్తు ఆపి కనీసం 48 గంటలయ్యాక వెళ్లండి. మారథానో, వంద కిలోమీటర్ల రైడో చేసి ఉంటే వారం ఆగండి. దూరపు పోటీ తర్వాత కుడి గది తాత్కాలికంగా ఉబ్బుతుంది, పంపింగ్ తగ్గినట్టు కనిపిస్తుంది, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే పదార్థం) కూడా పెరుగుతుంది. మరుసటి రోజే పరీక్షకెళ్తే లేని జబ్బు కనిపిస్తుంది.

నీళ్లు మామూలుగా తాగి వెళ్లండి. మే నెల ఉక్కలో చెమటోడ్చి, ఒంట్లో నీరు తగ్గి వెళ్తే గది కుంచించుకుపోయి గోడ ఉన్నదానికన్నా మందంగా కొలుస్తుంది.

పడుకోబెట్టే ముందు బీపీ చూసి రిపోర్టు మీద రాయమనండి. ఎత్తు, బరువు కూడా రాయించండి.

"ఎల్‌వీహెచ్ ఉంది, పంపింగ్ బాగుంది" అని ఒక్క లైను రాసిన రిపోర్టు ఈ పనికి చాలదు. మర్యాదగా ఇవి అడగండి:

- ఐవీఎస్ (గదుల మధ్య గోడ), పీడబ్ల్యూ (వెనక గోడ), ఎల్‌వీఐడీ (ఎడమ గది వెడల్పు). మూడూ గుండె వ్యాకోచించినప్పటివి, మిల్లీమీటర్లలో.
- ఈఎఫ్, అంటే పంపింగ్ శాతం. సింప్సన్ పద్ధతిలో కొలిచింది.
- ఎడమ పై గది ఘనపరిమాణం, కుడి గది సైజు.
- ఈ/ఏ నిష్పత్తి, ఈ ప్రైమ్ వేగం. గుండె సడలే తీరు వీటిలో తెలుస్తుంది.
- వాల్వుల లీకులు, అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) మొదలు వెడల్పు.
- మిషనులో ఉంటే స్ట్రెయిన్, అంటే కండరం ఎంత శాతం కుదించుకుంటోందో చెప్పే అంకె.

7. అంకెలు చదవడం

ఒకే ఎత్తు, ఒకే బరువున్న ఇద్దరిని తీసుకుందాం. వయసు 58, ఎత్తు 170 సెం.మీ., బరువు 65 కిలోలు. ఎత్తును బరువుతో గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే శరీర వైశాల్యం 1.75 చదరపు మీటర్లు వస్తుంది.

మొదటి మనిషి: ఐవీఎస్ 11, పీడబ్ల్యూ 10, గది 57 మి.మీ. గుండె బరువు లెక్క కట్టడానికి మూడింటినీ సెంటీమీటర్లలో కలిపి (7.8) ఘనం చేసి, అందులోంచి గది వెడల్పు ఘనం (5.7 ఘనం) తీసేసి, 0.832తో గుణించి 0.6 కలపాలి. 241 గ్రాములు వస్తుంది. వైశాల్యంతో భాగిస్తే 138. మగవాళ్లకు హద్దు 115, ఆడవాళ్లకు 95. అంటే ఇతనికి "ఎల్‌వీహెచ్ ఉంది" అని రిపోర్టులో వస్తుంది.

రెండో మనిషి: ఐవీఎస్ 14, పీడబ్ల్యూ 13, గది 43. అదే లెక్కలో 220 గ్రాములు, భాగిస్తే 126.

బరువు ఒక్కటే చూస్తే మొదటివాడిదే పెద్ద గుండె. ఇప్పుడు ఇంకో లెక్క చేయండి: వెనక గోడను రెండుతో గుణించి గది వెడల్పుతో భాగించండి. మొదటివాడికి 20ని 57తో భాగిస్తే 0.35. రెండోవాడికి 26ని 43తో భాగిస్తే 0.60. హద్దు 0.42. మొదటివాడి గుండెలో గోడా గదీ జోడుగా పెరిగాయి. రెండోవాడి గుండెలో గోడ లోపలికి పెరిగి గదిని తినేసింది. ఎక్కువ అనుమానించాల్సింది చిన్న గుండె ఉన్న రెండోవాడినే. కసరత్తు గదిని తగ్గించదు. ఈ ఒక్క లెక్క ఇంట్లో కూర్చుని ఎవరైనా చేయొచ్చు.

మిగతా హద్దులు:

- గోడ 12 మి.మీ. వరకు, గది 55 పైన, గట్టి కసరత్తు చరిత్ర ఉంది: ఆటవైపు మొగ్గు.
- 13 నుంచి 15: సందేహపు మేర. ఇక్కడే అన్ని పరీక్షలూ కావాలి. ఆడవాళ్లకు ఈ మేర 12 దగ్గరే మొదలవుతుంది. ఆడ ఆటగాళ్లలో 11 దాటడం అరుదు.
- 16, ఆపైన: తేలేదాకా జబ్బు అనే అనుకోవాలి.
- గోడ మందంగా ఉండి గది 45 కన్నా చిన్నది: హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే కండర జబ్బుకో, బీపీకో మొగ్గు.
- గోడ ఒకచోటే ఉబ్బి, పక్కనే మామూలుగా ఉండటం: కసరత్తు అలా చేయదు.
- అయోర్టా మొదలు మగవాళ్లకు 40 మి.మీ. దాటితే ఆట మీదికి నెట్టొద్దు.

అరవై దాటినవాళ్లలో ఒక పొరపాటు జాగ్రత్త. వయసుతో గదుల మధ్య గోడ పైభాగంలో చిన్న గూనిలా ఉబ్బుతుంది. సరిగ్గా అక్కడ కొలిస్తే 15 వస్తుంది, వేలెడు కిందికి జరిగితే 10. ఒక్క అంకె చూసి భయపడొద్దు. "ఎక్కడ కొలిచారు, మిగతా గోడ ఎంత?" అని అడగండి.

8. సడలే తీరు, పంపే తీరు

మందమైన గోడ మెత్తగా సడులుతోందా, బిగుసుకుపోయిందా? ఆటగాడి గుండె చక్కగా సడులుతుంది. ఈ ప్రైమ్ వేగం గదుల మధ్య గోడ దగ్గర సెకనుకు 7 సెం.మీ. లోపు, పక్క గోడ దగ్గర 10 లోపు ఉంటే తగ్గినట్టు. వయసుతో ఇవి సహజంగానే తగ్గుతాయి. అరవై దాటినవాళ్లకు ఈ/ఏ ఒకటి కన్నా తక్కువ రావడం ఒక్కటే జబ్బు గుర్తు కాదు. కుర్ర ఆటగాళ్ల అంకెలతో పోల్చి హడావిడి చేస్తే అడ్డుచెప్పండి. స్ట్రెయిన్ మైనస్ 15కి ఇటువైపు, అంటే 12, 13కి పడిపోతే మాత్రం పట్టించుకోవాలి.

గది వెడల్పుగా ఉండి పంపింగ్ 45-50 మధ్య ఉంటే సమస్య వేరు. బాగా సాధన చేసిన సైక్లిస్టులకు విశ్రాంతిలో ఇలా ఉండొచ్చు. నీరసించిన గుండెకూ ఇలాగే ఉంటుంది. తేడా కసరత్తులో బయటపడుతుంది: సైకిల్ తొక్కిస్తూ ఎకో తీస్తే ఆరోగ్యమైన గుండె పంపింగ్ పదో పన్నెండో అంకెలు పెరుగుతుంది. జబ్బు గుండె ఉన్నచోటే ఉంటుంది. పంపింగ్ 45 లోపుంటే ఆట వల్ల అనే మాట ఎత్తొద్దు.

9. టీఎంటీ, హోల్టర్, బ్లాకుల పరీక్ష

35 దాటిన ఆటగాళ్లు మైదానంలో హఠాత్తుగా పోవడానికి ప్రధాన కారణం రక్తనాళాల్లో బ్లాకులు. గుండె పెరుగుదల ఆట వల్లేనని తేలినా బ్లాకులు లేవని అర్థం కాదు. రెండు ప్రశ్నలూ విడివిడిగా తేల్చుకోవాలి.

టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తూ తీసే ఈసీజీ) చేయించుకుంటే మామూలు లక్ష్యం నాడి రాగానే ఆపేయనివ్వకండి. మీకు అలుపొచ్చేదాకా పరిగెత్తాలి, డాక్టరు పక్కనుండగా. ఎన్ని నిమిషాలు పరిగెత్తారో, బీపీ ఎంత పెరిగిందో, చివర్లో నాడి క్రమం తప్పిందో చూడాలి. మీ వయసువాళ్లకన్నా బాగా ఎక్కువ ఓపిక చూపితే అది ఆరోగ్యం వైపు సాక్ష్యం. పదేళ్లుగా సాధన చేస్తూ ఆరు నిమిషాలకే అలసిపోతే లెక్క తప్పుతోంది. గోడ మందంగా ఉన్నవాళ్లకు బ్లాకులు లేకపోయినా టీఎంటీ పాజిటివ్ రావచ్చు. అప్పుడు నేరుగా స్టెంటు మాట కాకుండా సీటీ యాంజియో వంటి పరీక్ష గురించి అడగండి.

హోల్టర్ (రోజంతా ఒంటికి పెట్టుకునే ఈసీజీ మిషను) పెట్టినరోజు ఇంట్లో కూర్చోకండి. డాక్టరు వద్దనకపోతే ఆ రోజు రోజూ చేసే కసరత్తు చేయండి, ఆ సమయం రాసిపెట్టండి. మన తీరపు ఉక్కకు పట్టీలు ఊడిపోతాయి కాబట్టి ఛాతీ మీద వెంట్రుకలు తీయించి, స్పిరిట్‌తో తుడిపించి, అదనపు పట్టీలు అడిగి తెచ్చుకోండి.

10. ఇంకా తేలకపోతే

గుండె ఎమ్మారై. గోడ మందం ఎకో కన్నా ఖచ్చితంగా కొలుస్తుంది, ఎకోకు సరిగా కనిపించని మొన భాగం చూపిస్తుంది, రంగు మందు ఎక్కించి తీస్తే కండరంలో మచ్చలు కనిపిస్తాయి. దీర్ఘకాలం ఆడినవాళ్లలో రెండు గదులు కలిసే మూలల్లో చిన్న మచ్చ కనిపించడం మామూలే. గోడ మధ్యలో పరుచుకున్న మచ్చ మాత్రం మామూలు కాదు. ముందు క్రియాటినిన్ చూపించండి. ఒంట్లో పేస్‌మేకరు, లోహపు ముక్కలు ఉంటే చెప్పండి. అన్ని సెంటర్లలోనూ గుండెకు ఎమ్మారై తీయరు, తీసినా చదవగలిగినవాళ్లు ఉండాలి. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. విశాఖపట్నమో హైదరాబాదో వెళ్లాల్సి రావచ్చు.

అమైలాయిడ్ అనుమానమైతే పైరోఫాస్ఫేట్ స్కాన్, దానితోపాటు రక్తంలో లైట్ చెయిన్ల (ఒక రకం ప్రొటీన్ల) పరీక్ష. రెండూ కలిపే చేయించాలి. స్కాన్ ఒక్కటే చూసి రకం తేల్చేస్తే తప్పు మందు పడుతుంది.

11. ఆట ఆపి చూడటం

ఇది చివరి అస్త్రం, డాక్టరు చెబితేనే. మూడు నెలలు గట్టి కసరత్తు పూర్తిగా ఆపి, మెల్లగా నడక మాత్రం ఉంచి, మళ్లీ ఎకో తీస్తారు. కసరత్తు వల్ల పెరిగిన గోడ తగ్గుతుంది. జబ్బు గోడ తగ్గదు. వెడల్పైన గది మాత్రం చాలా ఏళ్లు ఆడినవాళ్లకు పూర్తిగా తగ్గకపోవచ్చు, దాన్ని చూసి బెదరొద్దు.

ఈ పరీక్ష చెడిపోయే దారులు మూడు. ఒకటి, మధ్యలో "ఆదివారం ఒక్కరోజే" అని ధవళేశ్వరం బ్యారేజీ దాకా తొక్కేసి రావడం. రెండు, రెండో ఎకో వేరే ఊళ్లో, వేరే మిషను మీద తీయించడం. చేతి తేడాకే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది, అందుకే 2 మి.మీ. తగ్గితేనే తగ్గినట్టు. మూడు, అదే మూడు నెలల్లో కొత్తగా బీపీ మందు మొదలుపెట్టడం. గోడ ఆట ఆపినందుకు తగ్గిందో, మందుకు తగ్గిందో ఎవరూ చెప్పలేరు. అలాగని బీపీ మందు ఆపి మాత్రం ఈ పరీక్ష చేయకండి. బీపీ ఉంటే దానికే ముందు వైద్యం, గోడ లెక్క తర్వాత.

తేలాక ఏం చేయాలి

ఆటగాడి గుండేనని తేలితే ఆట కొనసాగించండి. ఏడాది తర్వాత ఒకసారి అదే చోట ఎకో తీయించి, మారలేదని చూసుకుంటే మంచిది. ఏళ్ల తరబడి దూరపు ఆటలు ఆడినవాళ్లకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే క్రమం తప్పిన నాడి వచ్చే అవకాశం ఎక్కువ. అది పక్షవాతానికి దారితీయగలదు. వారానికోసారి బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నిమిషం నాడి చూసుకోండి. ఊపిరితో కాస్త ఎక్కువ తక్కువలు సహజం. ఏ లయా లేకుండా కొట్టుకుంటే ఆ వారంలోనే ఈసీజీ తీయించండి.

బీపీ వల్ల అయితే చాలామందికి ఆట మానక్కర్లేదు. మందుతో బీపీ అదుపులోకి వచ్చేదాకా బరువులెత్తడం, ఊపిరి బిగబట్టే కసరత్తులు తగ్గించండి. మెటోప్రొలాల్ వంటి మందులతో నాడి పెరగక ఆటలో కాళ్లు ఈడ్చుకుపోతాయి. మీరే ఆపేయకుండా, ఆడతానని చెప్పి మందు మార్చమని అడగండి.

కండర జబ్బు అని తేలితే పోటీ ఆటల సంగతి కార్డియాలజిస్టుతో కూర్చుని మాట్లాడాలి. అందరికీ అన్నీ మానమని చెప్పే రోజులు కావివి, కానీ ఎవరికి ఎంత అన్నది వాళ్లవాళ్ల పరీక్షల మీద ఉంటుంది. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అయితే మీ తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలకు కూడా ఈసీజీ, ఎకో చేయించండి. ఇది వంశంలో నడుస్తుంది. అమ్మాయి అమెరికాలో ఉందని, అబ్బాయి కుర్రాడే కదా అని వాయిదా వేయొద్దు. రిపోర్టు జిరాక్సు వాళ్లకు పంపి, అక్కడి డాక్టరుకు చూపించమనండి.